కుడివైపు తూజా

ఏప్రిల్ 14, 1984
ఆయన బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం మీదికి చర్ల వెళ్లిపోయారు. సీజన్ అయ్యేదాకా రారు. పెళ్లయ్యాక ఇంతకాలం ఆయన లేకుండా ఉండటం ఇదే మొదలు. వెళ్లేముందు కడియం నుంచి తెప్పించిన తూజా మొక్కల్ని గేటుకు అటొకటి ఇటొకటి నాటారు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయట. మా పెనుబల్లి ఎండల సంగతి వాటికెవరూ చెప్పినట్టు లేదు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, కుడివైపుది మావాడిది, ఎడమవైపుది నీది అని పంచేసింది. అడక్కుండానే నాకో చెట్టు వచ్చింది.

ఏప్రిల్ 19
ఉత్తరం లేదు. బడిపిల్లలు తూజా ఆకు తుంచుకుపోతున్నారు. పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందట. కావాలంటే నాది తుంచుకోండర్రా, అటువైపుది ముట్టుకోవద్దు అన్నాను.

మే 3
కుడివైపుది కిందినుంచి ఎర్రబడుతోంది. నిమిరితే ఆకు పొడిపొడిగా రాలింది. రెండు బిందెలు పోశాను. కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకెళ్లానో మర్చిపోయి మళ్లీ గేటు దగ్గరికొస్తాను.

మే 7
ఆకు లారీ డ్రైవర్ రూప్లా మా ఇంటిముందు బండి ఆపాడు. సారుకు చలిజ్వరం వచ్చిందమ్మా, కల్లంలనే పండుకున్నడు, గోలీలు మింగుతున్నడు, తగ్గుతదిలే అన్నాడు. ఎప్పుడు చూశావంటే మొన్ననో, అటుమొన్ననో అన్నాడు.

నేను వెళ్తానన్నాను. ఆ అడవిలోకి నువ్వేం పోతావే అని అత్తయ్య మా పాలేరు భీమయ్యను పంపింది.

మే 8, మధ్యాహ్నం
అత్తయ్య కొత్త సంగతి కనిపెట్టింది. కుడి ఎడమలు రోడ్డు మీంచి చూడాలట, ఇంట్లోంచి కాదట. అంటే ఎండుతున్నది నాది. పచ్చగా ఉన్నది వాళ్లబ్బాయిది.

ఒళ్లు మండిపోయింది. కొడుకు చల్లగా ఉండాలంటే కోడలు ఎండాలా? అనుకుంటూ కంచం ముందునుంచి లేచిపోయాను.

మే 9
సరే, నాదే. ఆయన వస్తే చాలు.

రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. అయినా పొద్దున్నే బిందె తీసుకుని దాని దగ్గరికే పోయాను. రెండు లెక్కల్లో ఏది నిజమో ఎవరికి తెలుసు.

మే 11
భీమయ్య దగ్గర్నుంచి కబురు లేదు.

మే 12
దీపాలవేళ అత్తయ్య బిందెతో గేటు దగ్గర కనబడింది. ఎండుతున్నదానికే పోస్తోంది. ఎర్రబడ్డ దగ్గర్నుంచీ రోజూ పోస్తున్నానంది. పొద్దున నేను, సాయంత్రం ఆమె. నాకు అంటగట్టాక కూడా మానలేదు. ఎందుకని అడిగితే, ఎవరిదైతే ఏంటే, చూస్తా చూస్తా చావనిస్తానా అంది.

మొదలు పట్టుకుని కదిలించాను. ఊడి చేతిలోకొచ్చింది. వేళ్లు నల్లగా కుళ్లిపోయి వాసన కొడుతున్నాయి. ఎప్పుడైనా గుర్తొస్తే చెంబెడు పోసిన రెండోది మాత్రం నిగనిగలాడుతోంది.

అత్తయ్య ఆ బురదలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం లోపలికి పోలేదు.

మే 15
ఆయన వచ్చారు. భీమయ్య భుజం పట్టుకుని లారీ దిగారు. సగమయ్యారు. గేటు దగ్గర ఆగి, ఇక్కడ ఇంకోటి ఉండాలి కదా, ఏమైంది అని అడిగారు.

నాది పోయింది అన్నాను. నాది పోయింది అంది అత్తయ్య కూడా, అదే క్షణంలో.