సమ్మె రోజు గాలి

సెప్టెంబర్ 19, 2011
ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె, బస్సులు బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి షేర్ ఆటోలో కొంత, నడిచి కొంత వచ్చాను. ఒళ్లు హూనమైంది. హయత్‌నగర్ దగ్గర కాలిన ఇంజనాయిల్‌ని శుద్ధి చేసే రిఫైనరీ ఉంది. దాని వెనక వీధిలో, కౌసల్యమ్మ గారి డాబా మీద మా ల్యాబ్ మెషిన్ గాలి పీలుస్తుంటుంది. తెల్ల ఫిల్టర్ పేపర్ పెడతాను, నల్లగా తీస్తాను. అదే నా ఉద్యోగం.

ఆమె మనవరాలు స్వప్నకి ఆయాసం. రాత్రిళ్లు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుందట. పిల్ల తండ్రి సాయికుమార్ పని చేసేది ఆ రిఫైనరీలోనే. కాలనీ వాళ్లు కంప్లయింట్ ఇస్తే మేం వచ్చాం.

సెప్టెంబర్ 20
పొగ తమది కాదు, హైవే లారీలదని రిఫైనరీ వాదన. అది ఆగిన రోజు గాలి కూడా కొలిస్తే తేలిపోతుందని మా సార్ రామమోహనరావు గారు ఫోన్ చేశారు. ఆదివారం కూడా ఆగదే అది! రేపు మాత్రం దాని వర్కర్లంతా ఆ సమ్మెలో కూర్చుంటున్నారు. అదృష్టం.

సెప్టెంబర్ 21, సాయంత్రం
రిఫైనరీ ఆగింది. పేపర్ మాత్రం ఎప్పటికంటే నల్లగా వచ్చింది. నా కళ్లని నేనే నమ్మలేదు.

కిందకి చూస్తే మా మెషిన్ గోడవారగా కట్టెల పొయ్యిలు. సమ్మె వాళ్ల వంటావార్పు. రిఫైనరీ గేటు ముందు పెట్టుకున్న పొయ్యిల్ని కౌసల్యమ్మ గారే పట్టుబట్టి ఇక్కడికి మార్పించారట. ఎందుకని అడిగాను.

"నల్లగొస్తెనే గెలుస్తమనుకున్న బిడ్డా. మా పోరి కోసమే గద."

ఈ ఒక్క పేపర్ తెల్లగా రావాలని నేను ఆవిడకి చెప్పనే లేదు. ఏడుపొచ్చింది. ఎవరి మీద కోప్పడను?

సెప్టెంబర్ 22
వచ్చింది వచ్చినట్టు పంపెయ్యమన్నారు సార్. పంపితే రిఫైనరీ గెలిచినట్టే. పొయ్యిల సంగతి రాసి శాంపిల్ రద్దు చేశాను. చెడామడా తిట్టారు. ఇంకొక్క ఛాన్స్ అన్నారు.

అక్టోబర్ 6
దసరా. రిఫైనరీకి సెలవు లేదు. స్వప్న కొత్త గౌనులోనే దవాఖానకి పోయిందట.

అక్టోబర్ 8
మాది గుంటూరు వైపు. సమ్మె మాటెత్తితే నాన్న టీవీ కట్టేస్తారు. అలాంటి ఇంట్లో పుట్టిన నేనే పోయి సాయికుమార్‌ని రిఫైనరీలో మళ్లీ సమ్మె ఎప్పుడని అడిగాను. వింతగా చూసి నవ్వాడు.

"గిప్పుడు మీరు గూడ మాతోని కలిసిన్రా మేడం?"

బుధవారమట.

అక్టోబర్ 12
రిఫైనరీ బంద్. లారీలు తిరుగుతూనే ఉన్నాయి. కౌసల్యమ్మ గారు పొయ్యి ముట్టించలేదు, వీధిలో ఎవర్నీ ముట్టించనివ్వలేదు. అందరం రాత్రి మిగిలిన అన్నమే తిన్నాం.

పేపర్ తెల్లగా వచ్చింది.

చూపిద్దామని కిందకి దిగాను. స్వప్న పడుకుని నిద్రపోతోంది.