ఎవరూ ముట్టని గుడ్డ

తమ్ముడు గోవేకి, పొదల కాపలా నుంచి అక్క ఫిలొమెన్ రాస్తున్నాను. నా దగ్గు తగ్గింది, బెంగపడకు.

నికెల్ గని దొర మొన్న మన ఆచారం ప్రకారమే వచ్చాడు. పూలగుడ్డ, పొగాకు చాపమీద పెట్టి, తలవంచి, కొండ తవ్వడానికి ఈ పొదల మీదుగా దారివ్వమన్నాడు. లోకం మొత్తమ్మీద ఈ పొదలు మిగిలింది ఈ గట్టునే, అవీ నలభై. "వాటిని కుండీల్లో పెంచుతాం లెండమ్మా" అన్నాడు. "ముందు నువ్వు కుండీలో కాపురముండి చూపించు నాయనా" అన్నాను. కాపలా ఉన్న ఆడవాళ్లందరం పడీపడీ నవ్వాం గానీ గుడ్డని ఒక్కరూ ముట్టలేదు. ముట్టుకుంటే ఒప్పుకున్నట్టే కదా! వాన పట్టినా కదలకుండా కూర్చున్నాం. చివరికి తన తడిగుడ్డ తనే తీసుకుని దిగిపోయాడు.

పెండలం తీగలకి కర్రలు పాతావా? ఉప్పు, ఒక దుప్పటి పంపు.

అసలు సంగతి: కిందిదారి మన నేలలోంచే కాబట్టి ఇక నీ దగ్గరికే వస్తాడు. నీకు మొహమాటమెక్కువ. కాఫీ ఇవ్వు, కబుర్లు చెప్పు, చేతులు మాత్రం వెనక్కి కట్టుకో.

మరదలికీ పిల్లలకీ నా దీవెనలు. నీ వంతు దీవెన మాత్రం, అతను ఆ గుడ్డ మళ్లీ మోసుకుపోయాడని తెలిశాకే.