సత్యకుమారి బదిలీలు

హైదరాబాదు

ఫల్గుణ మావయ్యకు నమస్కారాలు.

ఫోనులో నా మాట సగమే వినిపిస్తోందని అమ్మమ్మ విసుక్కుంటోంది కదా, అందుకే ఈ ఉత్తరం. సైన్సు సొసైటీ వాళ్ల స్కీములో చేరానని చెప్పాను. ఇన్నాళ్లూ పత్రికల విభాగంలో తప్పులు దిద్దాను. నిన్న లైబ్రరీకి మార్చారు. తర్వాత ఇంకో విభాగం. ఉద్యోగం ఖాయం చేస్తారో లేదో ఏడాది చివర్లో తెలుస్తుంది.

నీ మేనకోడలు
సత్యకుమారి

తా.క. ఇక్కడ చలి లేదని అమ్మమ్మకి చెప్పు. ఆవిడ పంపిన రెండో రగ్గు మీద కూర్చునే ఇది రాస్తున్నాను.

*

డుంబ్రిగుడ

చిరంజీవి సత్యకు మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివాక ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. చేరి ఎన్నాళ్లయిందని బదిలీ? పాడేరు ఆఫీసులో అటెండరుగా చేసిన సోంబరు మామనడిగాను. "ఇంత బేగి బదిలీ సేసినారంటే రెండే రా. మన సత్య గుంట దొంగనైనా పట్టుకోనుండాల, దొంగగా అయినా దొరికుండాల" అన్నాడు.

ఆ రెండిట్లో నీది ఏది? తప్పులు దిద్దానని రాశావు. ఎవరివమ్మా? పెద్దవాళ్ల తప్పులు కనబడినా కనబడనట్టు ఉండాలి.

మావయ్య
ఫల్గుణ

తా.క. అమ్మమ్మ మాట: "స్కీములో సేరితే మేకలిత్తారు కదేటి, గుంటకి ఎప్పుడిత్తారు?" సొసైటీ కాబట్టి ఎరువులు కూడా అడగమంది.

*

హైదరాబాదు

మావయ్యకు సత్య నమస్కారాలు.

కంగారు పడకు. ఇది ఎరువుల సొసైటీ కాదు, శాస్త్రవేత్తల సంఘం. స్కీములో మేకలు లేవు. అన్ని పనులూ నేర్పడానికి మమ్మల్ని అన్ని విభాగాలూ తిప్పుతారు, అంతే. నేను దిద్దినవి పెద్దవాళ్ల తప్పులే గానీ, అవి అచ్చుతప్పులు.

ఇప్పుడు సభల విభాగానికి మార్చారు. మొన్న కప్పల మీద మాట్లాడాల్సిన పెద్దాయన్ని తీసుకెళ్లి నక్షత్రాల సభలో కూర్చోబెట్టాను. డైరెక్టరు జగన్నాథరావుగారు చూశారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. అదే భయంగా ఉంది.

సత్య

తా.క. కప్పలాయన మాత్రం వెళ్తూ వెళ్తూ సభ చాలా బాగుందన్నారు.

*

డుంబ్రిగుడ

చిరంజీవి సత్యకు,

మళ్లీ బదిలీ! మాకు ధైర్యం చెప్పడానికి నువ్వెన్ని కథలు చెప్పినా మాకు తెలియదా? ఇక ఊరుకోలేక జగన్నాథరావుగారికే అర్జీ పంపాను. సోంబరు మామ చెబుతుంటే నేను రాశాను. "అయ్యా, పిల్ల తప్పు చేస్తే క్షమించండి. ఇలా కొద్దికొద్దిగా శిక్షించే బదులు ఒకేసారి పెద్ద శిక్ష వేసి ఏజెన్సీ కొండల్లోకి పంపేయండి" అని.

ఆఫీసుల్లో అంతకు మించిన శిక్ష లేదట. మనం ఉండేది ఏజెన్సీలోనే కదా మామా అన్నాను. "ఊరుకో. ఆ సంగతి ఆళ్లకి తెలీదు" అన్నాడు.

మావయ్య

తా.క. అర్జీతో పాటు తేనె, కాఫీపొడి పంపాం. లంచం కాదు, మర్యాద అని పార్సిలు మీదే పెద్ద అక్షరాలతో రాశాం.

*

హైదరాబాదు

మావయ్యా,

జగన్నాథరావుగారు పిలిస్తే వెళ్లాను. నీ అర్జీ బల్ల మీద ఉంది. ఆయన చేతిలో మన కాఫీ.

"ఇది మీ ఊరిదేనా?" అన్నారు. అవునన్నాను. "దీన్ని శిక్ష అంటారా మీ మావయ్య?" అని అడిగి, కిటికీలోంచి ట్రాఫిక్ వైపు చూసి తలుపు మూసేశారు.

కొండపంటల మీద మన వైపు ఒక పరిశోధన కేంద్రం పెట్టాలని సంఘం వాళ్లు ఎప్పటినుంచో అనుకుంటున్నారట. వెళ్లేవాళ్లే దొరకలేదట. ఇప్పుడు దొరికారు. నేను కాదు, మావయ్యా. ఆయనే! వెళ్తూ వెళ్తూ నా ఉద్యోగం ఇక్కడే ఖాయం చేసి సంతకం పెట్టారు.

నిన్న ఆయన్ని విశాఖ రైలెక్కించాను. అక్కడ వారం రోజుల పని చూసుకుని కొండరైలెక్కుతారు. బండి కదిలాక నాకే ఏడుపొచ్చింది. కోరుకున్న ఉద్యోగం వచ్చింది, మన ఊరు మాత్రం ఆయనకి దక్కింది. మనం గెలిచామో ఓడామో నువ్వే చెప్పు.

నీ
సత్య

తా.క. ఆయన రైలు దిగగానే పాపం శిక్షపడి వచ్చాడని ఊరంతా ఓదార్చడానికి వెళ్తారు. వద్దు. ఆయన ఏ తప్పూ చేయలేదు, అడిగి మరీ వస్తున్నారు. సోంబరు తాత ఈ మాట నమ్మడు. కనీసం ఏం దొంగిలించావని అడగకుండా చూడు.