అమ్మ నేర్పిన మడత

చిట్టి చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ, మీ బావా, మన లాండ్రీ షాపూ క్షేమంగానే ఉన్నాం. షాపును కూడా మనిషిలా కలిపేశానని నవ్వుతావని తెలుసు. అది మనిద్దరికంటే ముందు పుట్టింది, అమ్మకు పెద్దకూతురు అదే. నీ క్షేమం సంగతి వేరే అడగను. ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకోనక్కర్లేని ఊళ్ళో ఉన్నావు, పైగా కాస్త ఒళ్ళు చేశానని నువ్వే రాశావు.

నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఆత్రంగా, రెండోసారి కుళ్ళుకుంటూ, మూడోసారి ఇంకా కుళ్ళుకుంటూ. నాలుగోసారి ఎందుకు చదివానో చివర్లో చెబుతాను. నువ్వు అడిగినవి అయిదు ప్రశ్నలు. ఉత్తరంతో పాటు కవరులో ఒక చిన్న కాగితం పెట్టావు, అయిదో ప్రశ్న దాని గురించే. ముందు నాలుగింటికీ వరసగా జవాబులు రాసి, ఆ తర్వాత దాని దగ్గరికొస్తాను. తప్పించుకుంటున్నానని అనుకుంటావేమో. కాసేపు తప్పించుకోనీ, పారిపోనులే.

షాపు ఎలా నడుస్తోందన్నావు. నడవడం ఎక్కడ, పాకుతోంది. గోడ మీద మేకులకు మనం వేలాడదీసిన దారపు ఉండలు గుర్తున్నాయిగా, ఇంటికో రంగు. ఎవరి బట్ట ఎవరిదో కలిసిపోకుండా కాలరు లోపల ఆ రంగుతో రెండు కుట్లు వేసేవాళ్ళం. ఇప్పుడు పైవరస మేకులన్నీ దుమ్ము పట్టాయి. పెద్దిళ్ళన్నీ ఆ వరసలోనివే. ఆకుపచ్చ దారం వాళ్ళు వెళ్ళిపోయారు. గులాబీ వాళ్ళు వెళ్ళిపోయారు. ఊదారంగు వాళ్ళయితే చెప్పకుండానే వెళ్ళిపోయారు, వాళ్ళ తెల్ల దుప్పట్లు రెండు ఇంకా మన అరలోనే పడి ఉన్నాయి. నిన్ను పనికి వెంట తీసుకెళ్ళిన అమ్మగారింటి నీలం దారాన్ని మాత్రం రోజూ దులుపుతున్నాను. ప్రేమతో అనుకునేవు, ఒళ్ళుమంటతో.

అవును, ఒళ్ళుమంటే. కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుందని ఒకే ఉత్తరంలో మూడుసార్లు రాశావు. ఒకసారి రాస్తే నాకు అర్థమయ్యేది. నీకంటూ ఒక గది, దానికో కిటికీ, అమ్మగారు వాడి ఇచ్చేసిన ఉన్ని శాలువా, పొద్దున్నే ఇసుకలో నడక. నేను ఇస్త్రీ బల్ల ముందు నిలబడి చదువుతున్నాను ఇదంతా. ఎదురుగా నాకు కనిపించేది పక్కింటి మేడమెట్ల అడుగుభాగం.

ఇక మీ బావ సంగతి. వార్డు ఆఫీసు తరఫున ఇంకా పన్ను నోటీసులు పంచుతూనే ఉన్నారు. పెద్దిళ్ళ మీద కొత్త పన్ను వేస్తున్నారని నీకు తెలుసుగా, ఆసుపత్రిలో మంచాలు పెంచడానికీ, రోగం అంటినవాళ్ళను విడిగా ఉంచే కేంద్రానికీ. నోటీసు ఇద్దామని వెళ్తే గేటుకు తాళం. గోడకు అంటిద్దామంటే, తోటలో వదిలేసి వెళ్ళిన కుక్క. "యజమాని లేడు, కుక్క మాత్రం ఇంటిని చూసుకుంటోంది. పన్ను దాన్నే కట్టమందామా?" అని ఆఫీసులో అడిగారట. పై అధికారి నవ్వలేదట. ఇప్పుడు మీ బావ సంచీలో నోటీసులతో పాటు బిస్కెట్లు కూడా ఉంటున్నాయి. వద్దన్నా వినరు.

నీ సైకిలు బాగుందా అన్నావు. బాగుంది. నువ్వొచ్చేదాకా ముట్టుకోనని మాటిచ్చాను కానీ రోజూ తొక్కుతున్నాను. దాని మీద బట్టలమూట పెట్టుకుని వీధి చివర మలుపు తిరుగుతుంటే అచ్చం నీలాగే ఉన్నానని కూరగాయల షాపావిడ అంది. పొగడ్త అనుకుని చెప్పింది పాపం. ఆ రోజంతా ముఖం మాడ్చుకున్నాను.

నాలుగోది, వార్డు మీటింగు. మళ్ళీ అన్నీ మూసేస్తారా, పన్ను ఖాయమేనా అని అమ్మగారు కనుక్కోమన్నారని రాశావు. మీటింగు శనివారం బడి హాల్లో జరిగింది. కిటికీలన్నీ తెరిచి, కుర్చీకీ కుర్చీకీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. అయినా అరుపులకు దూరం అడ్డు రాలేదు.

ముందు ఇళ్ళ బ్రోకరు లేచాడు. "షాపులు మూయించారు, నడవడానికి కూడా టైము పెట్టారు, ఇప్పుడు పన్ను. చేతిలో నాలుగు డబ్బులున్నవాడు ఈ ఊళ్ళో ఎందుకుంటాడండీ? వాళ్ళు వెళ్ళిపోతే మన ముఖం చూసేదెవరు?" అన్నాడు. రిటైరైన టీచరమ్మ కూర్చునే జవాబిచ్చింది. "మా వీధిలో ముగ్గురు చచ్చిపోయారు నాయనా. ఆ రూల్సు లేకపోతే నేనూ ఉండేదాన్ని కాదు, నీకు అడ్డు తగిలే మనిషి లేక హాయిగా మాట్లాడేవాడివి" అంది.

అప్పుడు నేను లేచాను. నిజమే, నేనే. అమ్మ పోయాక నలుగురిలో నోరు విప్పడం ఇదే మొదలు. "వెళ్ళేవాళ్ళని వెళ్ళనివ్వండి. పన్నెండేళ్ళు వాళ్ళ మాసిన బట్టలు ఉతికాం, మరక ఎక్కడిదని అడగలేదు. ఆసుపత్రి మంచాలకి నాలుగు రాళ్ళివ్వమంటే తాళాలేసుకుని పోతారా? కష్టంలో ఉండనివాళ్ళు మనవాళ్ళెట్లా అవుతారు?" అన్నాను. హాలంతా చప్పట్లు. మీ బావ కుర్చీలో నిటారుగా కూర్చుని అటూ ఇటూ చూశారు, ఈవిడ మా ఆవిడేనని అందరికీ తెలియాలన్నట్టు.

బ్రోకరు ఊరుకుంటాడా? "మీ చెల్లెలు కూడా వాళ్ళ కారెక్కే వెళ్ళింది కదమ్మా!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. వాడన్నది అబద్ధమని కాదు. నేను అంత కోపంగా మాట్లాడింది నిన్ను చూసే, పన్నును చూసి కాదు. ఆ ఒక్కడికే అది తెలిసిపోయిందేమో అనిపించింది.

చివర్లో వార్డు డాక్టరమ్మ మాట్లాడింది. రోజుల తరబడి నిద్ర లేని మనిషి, గొంతు పెద్దది చేయలేదు. "రూల్సు మా చేతిలో ఏం లేవండీ, మీ మాట మీద నడుస్తాయి. ఫలానా ఇంట్లో జ్వరమని ఎవరైనా చెబితే నమ్మి తలుపు మూయాలి. అది అబద్ధమని తేలేలోపు పద్నాలుగు రోజులు అయిపోతాయి. ఆ మనిషికి ఆ రోజులు ఎవరు తిరిగిస్తారు?" అంది.

తర్వాత చేతులెత్తమన్నారు. పన్ను నెగ్గింది. షాపులు మధ్యాహ్నం వరకే తెరవాలన్నారు, అదీ నెగ్గింది. అమ్మగారికి చెప్పు. రెండింటికీ నేను చెయ్యెత్తాను. అందులో న్యాయం ఎంతో, ఏడుపు ఎంతో నాకే తెలియదు.

ఇక అయిదోది.

"మేం బయల్దేరకముందు, నాకు నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు, దాచిపెడుతున్నాను అని అమ్మగారికి ఎవరో చీటీ రాశారు కదా. నిన్న దుప్పట్ల పెట్టె సర్దుతుంటే అది మళ్ళీ దొరికిందని అమ్మగారు ఇచ్చారు. ఎవరిదో నీకేమైనా తెలుసా అక్కా?" అని రాసి, ఆ చీటీనే పంపించావు.

తెలుసు. అది నేను రాసిందే.

మీరు బయల్దేరడానికి అయిదు రోజుల ముందు రాశాను. నా రాత అని తెలియకూడదని ఎడమచేత్తో రాశాను. ఇస్త్రీ చేసిన నీలం దారం దుప్పట్ల మధ్య పెట్టి నేనే వెళ్ళి ఇచ్చొచ్చాను. నీకు జ్వరం లేదు. దగ్గంటావా, ఆవిరిలోనూ గంజిలోనూ పనిచేసే మనకు దగ్గు ఎప్పుడు లేదు కనుక? నిన్ను వద్దనుకుంటే, బట్టలు చూసుకోవడానికీ తోడుకీ నన్ను తీసుకెళ్తారని ఆశ. అదే నా ఆలోచన మొత్తం. ఇంతకంటే లోతు లేదు.

పన్నెండేళ్ళు ఆ ఇంటికి మూట మోసింది నేను. వెనక గుమ్మంలో దించి, వెనక గుమ్మంలోంచే వచ్చేసేదాన్ని. నువ్వు రెండంటే రెండుసార్లు వెళ్ళావు. రెండోసారి అమ్మగారు నిన్ను కూర్చోమన్నారు. నువ్వొచ్చి ఆ కుర్చీ మెత్తదనం గురించి చెప్పావు చూడు, నవ్వుతూ, ఆ రోజు మొదలైంది నాలో. నన్ను బడి మాన్పించి ఇస్త్రీపెట్టె చేతికిచ్చినప్పుడు కూడా ఇంత ఏడవలేదు. నిన్ను బడికి పంపింది ఆ ఇస్త్రీ డబ్బులతోనే అని కూడా అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

అమ్మగారు చీటీ చూసి నిన్ను వద్దనలేదు. అదొకటి. వెంట తీసుకెళ్ళి, కారు షెడ్డు పక్క గదిలో పద్నాలుగు రోజులు విడిగా ఉంచారు. అన్నం గడప దగ్గర పెట్టేవారని నీ మొదటి ఉత్తరంలో చదివి నేను ఏడ్చాను. ఎందుకో నిజం చెప్పేస్తాను. సగం నీ మీద జాలితో. సగం, జ్వరం ఉందన్నా సరే నువ్వే కావాలనుకున్నారే అని.

ఇంతటితో అయిపోలేదు. ఇక్కడుండగా నువ్వు దగ్గుమాత్రలు కొన్నది, నిన్ను పెళ్ళాడతానన్న మందుల షాపు మనిషి దగ్గర. నీకు దగ్గని తెలిసింది అతనొక్కడికే కాబట్టి, నువ్వు దూరం వెళ్ళడం ఇష్టం లేక అతనే చెప్పి ఉంటాడని నమ్మావు. పెళ్ళి మాట మానేశావు, అతని ఉత్తరాలకు జవాబు మానేశావు. అతను ప్రతి శనివారం ఒకే ఒక్క చొక్కా పట్టుకుని మన షాపుకొస్తున్నాడు. ఇంట్లో ఇస్త్రీపెట్టె లేని మనిషా చెప్పు. చొక్కా ఇచ్చి, "ఏమైనా రాసిందా అండీ?" అంటాడు. "రాసింది" అంటాను. "నా గురించి?" అంటాడు. నేను వంచిన తల ఎత్తకుండా కాలరు రుద్దుతూ ఉంటాను. అలా ఎన్ని శనివారాలు రుద్దానో ఆ కాలరుకే తెలుసు. నిన్ను పెళ్ళాడాలనుకునే మనిషిని చూసి కూడా కుళ్ళుకున్నాను, నా కోసం ఎవరూ అలా నలగని చొక్కా మోయలేదని. మీ బావ మంచివారే, కానీ ఆయన నలిగినవే తెచ్చేస్తారు.

మొన్న శనివారం మీటింగు అయ్యాక అతను షాపు దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పేశాను. మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "ఇస్త్రీ వద్దులెండి" అని బల్ల మీద పెట్టిన చొక్కా తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "తనకి మీరే రాయండి. నేను రాస్తే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టుంటుంది" అన్నాడు. అప్పటికి నీ ఉత్తరం ఇంకా నాకు అందలేదు. రాద్దామని ఆదివారమంతా కూర్చున్నాను, ఒక్క ముక్క రాయలేకపోయాను.

సోమవారం నీ కవరు వచ్చింది.

నాలుగోసారి ఎందుకు చదివానో ఇప్పుడు చెబుతాను. మూడుసార్లు చదివేదాకా ఆ చీటీ ముట్టుకోలేదు, భయపడి కవరులోనే ఉంచాను. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది. నిలువుగా మూడు మడతలు, చివర లోపలికి దోపి. మూట సైకిలు మీద ఊగినా దుప్పటి విడిపోకూడదని అమ్మ కనిపెట్టిన మడత అది. మిగతా లాండ్రీల్లో పిన్నీసు పెడతారు. ఈ మడత వచ్చినవాళ్ళు ఇప్పుడు లోకంలో ఇద్దరే. ఎడమచేత్తో రాసి నేనెంత తెలివైనదాన్నో అనుకున్నాను. మడిచేటప్పుడు మాత్రం రెండు చేతులూ వాటి అలవాటు కొద్దీ అవి మడిచేశాయి. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.

నీకు తెలిసింది. అమ్మగారు చీటీ ఇచ్చిన నిమిషమే తెలిసి ఉంటుంది. చదివాక మళ్ళీ అలాగే మడిచి, అలాగే చివర దోపి నాకు పంపావు. పంపి, ఎవరిదో తెలుసా అక్కా అని అడిగావు. నాలుగోసారి నీ ఉత్తరం చదివింది అందులో తిట్టు ఎక్కడైనా ఉందేమోనని. లేదు. సైకిలు బాగుందా అని ఉంది.

నీకు తెలిసీ నేను చెప్పేదాకా ఆగావు. చిన్నదానివి, నాకంటే పెద్దదానివి ఎప్పుడయ్యావు? దీనికి కూడా నాకు కుళ్ళుగానే ఉంది.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, నీ గుణమే అంత. అది నాకు తేలికైపోతుంది. ముందు అతనికి ఒక ఉత్తరం రాయి. నాకు ఎప్పుడు రాస్తావో, రాస్తావో లేదో నీ ఇష్టం. అమ్మగారికి నా పేరు చెప్పు, నీ మీద వాళ్ళకు మిగిలిన అనుమానం పోనీ. ఇక ఆ ఇంటి మూట ఎప్పటికీ నాకు రాకపోయినా ఫరవాలేదు. నీలం దారం మేకు మీదే ఉంటుంది. దులుపుతూనే ఉంటాను, ఈసారి నువ్వు ఎందుకనుకుంటే అందుకే.

ఈ ఉత్తరాన్ని కూడా ఆ మడతే పెట్టి పంపుతున్నాను. నాకు ఇంకోటి రాదు. కాకపోతే ఇది కుడిచేత్తో రాశాను. ఆ చీటీ కింద ఖాళీగా వదిలేసింది దీని కింద రాస్తున్నాను.

ఇట్లు,
నీ అక్క