కంపెనీలో వచ్చిన శిగం

గడ్డపోతారం,
20-7-1997

అమ్మకు, నీ బిడ్డ ముత్యమ్మ కాళ్లు మొక్కి రాసేది. నేనూ, మీ అల్లుడూ, పిల్లవాడూ, కొత్తగా ఈనిన బర్రె అందరం క్షేమం. జహీరాబాద్‌లో నువ్వూ, తమ్ముడి ఇంటివాళ్లూ బాగున్నారని తలుస్తాను. రాత్రి బడికి పోయి చదవడం, రాయడం నేర్చావని తమ్ముడు రాశాడు. ఇక నా ఉత్తరాలు మరదలు చదివి వినిపించే పని లేదు. అందుకే పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఒక్కదానివే చదువుకో.

పోచమ్మ బోనాలకు ఈసారి శిగం బాగా వచ్చిందా, తల్లి ఒంటిమీదికి దిగిందా అని అడిగావు. బోనాలకు ఇంకా వారం ఉంది. శిగం మాత్రం ముందే వచ్చింది. అదీ మందుల కంపెనీలో!

పోయిన మంగళవారం ట్రేలలో తడి పొడి పరుస్తున్నాను. డప్పు లేదు, మైసాక్షి పొగ లేదు. తడి పొడిలోంచి వచ్చే టోలీన్ మందు వాసన, మిషన్ల మోత, అంతే. ఉన్నట్టుండి వెన్నులోంచి ఏదో పైకి పాకింది. ఆ ట్రేలు, ఆ పొడి, పక్కన పనిచేసే మన వాడ ఆగమ్మ, అందరూ నా కడుపున పుట్టినవాళ్లే అనిపించింది. అంత సంతోషం నీ మనవడు పుట్టినప్పుడు కూడా లేదమ్మా.

కళ్లు తెరిచేసరికి బీహారు ఆపరేటర్ "మాతా" అంటూ దండం పెడుతున్నాడు. కేరళ నర్సమ్మ తన ఏసును పిలుస్తోంది. కంపెనీ డాక్టర్ నా కళ్లలోకి టార్చి వేసి, "గ్యాసు ఎక్కింది, అంతే" అన్నాడు. ఆగమ్మ ఊరుకుంటుందా!

"ఏంది సారూ, గట్లంటవ్? ఆమెకు పోచమ్మ వస్తది. తొమ్మిదేండ్ల సంది సూస్తున్నం!"

"ఇంతకుముందు కూడా ఇలా వచ్చిందా?" అని డాక్టర్ నన్నడిగాడు. ఆగమ్మ ముందు కాదని ఎట్లా అంటాను? తలూపాను. "అయితే ఫిట్స్" అని గోళీలు రాశాడు. రోజూ వేసుకుంటే మళ్లీ రాదట.

ఇప్పుడు అసలు మాట. తిట్టకు. ఆ తొమ్మిదేళ్లలో నాకు ఒక్కసారి కూడా శిగం రాలేదు. నువ్వు ఊరు విడిచాక మన ఇంట్లో ఎవరో ఒకరు ఊగాలి కదా అని ఊగాను. జుట్టు విప్పడం, వేపకొమ్మ పట్టడం, "పిల్లజెల్లను సల్లగ సూస్త" అనడం, అన్నీ నిన్ను చూసి నేర్చినవే. అందరూ నా కాళ్లు కడిగారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఇప్పుడు నిజంగా వచ్చింది. నిజమేనా? అదే వాసనకు ఆగమ్మ వాంతి చేసుకుంది. గ్యాసే అయితే నాకు అంత సంతోషం ఎందుకు? పోచమ్మే అయితే తొమ్మిదేళ్లు గుడి ముందు ఊగినా రానిది, గడ్డి మొలవని ఆ కంపెనీలోకి ఎందుకొచ్చింది? "డాక్టర్ కన్న నీకెక్కువ తెలుసా? జల్దీ మింగు" అని మీ అల్లుడు కసురుతున్నాడు. మింగితే ఆమె మళ్లీ రాదేమోనని దిగులు. మింగకపోతే, నిజంగా జబ్బే అయితే పిల్లవాడి గతేమిటని భయం. గోళీలు పసుపు డబ్బాలో దాచాను.

ఒకటి అడుగుతాను. శిగంలో ఎంత ఊగినా, దీపం దగ్గరికి రాగానే నువ్వు కొంగు అంటుకోకుండా ఎడమచేత్తో పట్టుకునేదానివి. అది కూడా నేర్చుకున్నాను. మంగళవారం మాత్రం నా కొంగు మిషన్ తలుపులో ఇరుక్కుని సగానికి చిరిగిందట. నాకు తెలియలేదు.

అమ్మా, నీకు ఎన్నడైనా వచ్చిందా? అవునో కాదో నీ చేత్తోనే రాయి. అందాకా గోళీ మింగను.

ఇట్లు,
నిన్ను చూసి ఊగిన నీ బిడ్డ
ముత్యమ్మ