బహిర్భూమి నమూనా

బందరు, 1928

దివిసీమ గ్రామ మునసబు కోదండరామయ్య గారికి హెల్తు ఇన్‌స్పెక్టరు భీమశంకరం నమస్కరించి వ్రాయునది.

మీ ఊళ్ళో జనం పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడటానికి కారణం దిష్టి కాదండీ, కడుపులో కొంకిపురుగు. ఎవరికుందో తేల్చనిదే సర్కారు మందు ఇవ్వదు. అందుచేత ఈ డబ్బీల్లో ఒక్కొక్కరి బహిర్భూమి నమూనా కొద్దిగా పెట్టి, పేరు అంటించి పంపగలరు.

ఇట్లు,
భీమశంకరం

తా.క.: ఇందులో సిగ్గుపడేదేం లేదు. సూటిగా రాయడం నా అలవాటు.

*

ఇన్‌స్పెక్టరు గారి సముఖానికి,

డబ్బీలు నింపి పడవలో పంపాను. ఊరి బయటి నేల నమూనా సిస్తు పెంచడానికేనని మా కరణం వెంకటపతి పుకారు లేపాడు. దాంతో బంగారం పండే చేలున్న ఆసాములు కూడా సముద్రం ఒడ్డు నుంచి చవుడు మట్టి తెచ్చి కూరారు. నమ్మకండి.

చిత్తగించవలెను,
కోదండరామయ్య

తా.క.: మా కోడలు అమ్మాజీ పేర సెంటు భూమి లేదు గనక దాని డబ్బీ ఖాళీ. పిల్ల మాత్రం సున్నంలా పాలిపోయింది, బిందె ఎత్తలేకపోతోంది. ఎలాగైనా మందిప్పించండి బాబూ.

*

మునసబు గారికి,

ఖర్మ! మట్టి కాదు మహానుభావా! పొద్దున్నే చెంబు పట్టుకెళ్ళి మీరక్కడ వదిలి వస్తారే, అది! అంతకంటే విప్పి చెప్పలేను. పరీక్ష లేకుండా ఆ ఘాటు మందు పోస్తే కోడలుపిల్ల ప్రాణానికే ముప్పు. ఆవిడది వచ్చేదాకా నేను వదలను.

మీ
భీమశంకరం

తా.క.: చెంబు పంపవద్దు.

*

ఇన్‌స్పెక్టరు గారికి,

రామ రామ! చదివి వినిపిస్తే ఊరు ఊరంతా తిరగబడింది. అది పరాయివాళ్ళ చేతికిస్తే చేతబడి చేస్తారట. వెంట్రుక ఇవ్వడానికే జంకే జనమండీ! అమ్మాజీ కోసం కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. ఒక్కటే షరతు. ముందు తమరిది మా దగ్గర తాకట్టు పెట్టాలి.

విధేయుడు,
కోదండరామయ్య

తా.క.: మూత గట్టిగా బిగించండి. అదే పడవలో అరటిగెలలు వస్తాయి.

*

మునసబు గారికి,

ఇదిగో, పంపాను. మా వంశంలో ఎవరూ చెయ్యని పని. ఇక మీవి రావాలి, ముందు అమ్మాజీది.

భీమశంకరం

తా.క.: మా ఆవిడ లలితాంబ అలిగి గుడివాడ పుట్టింటికి వెళ్ళిపోయింది.

*

మునసబు గారికి,

శభాష్! అన్నీ అందాయి, పరీక్ష అయింది. అమ్మాజీకి పురుగు ఉంది. కాంపౌండరు చేత మందు పంపుతున్నాను, భయం లేదు. అందరికంటే అధ్వాన్నం యలమంద అనే ఆసామి. కడుపు నిండా పురుగులే! అరికాళ్ళలోంచి ఎక్కే పురుగిది; చెప్పులు లేకుండా తిరిగే మొండిఘటం అయ్యుంటాడు. వినకపోతే నలుగురు పట్టుకుని మింగించండి.

మీ మేలు కోరే
భీమశంకరం

తా.క.: శాస్త్రం మాట వినని మనిషి గతి ఇదేనని ఊళ్ళో చాటించండి.

*

ఇన్‌స్పెక్టరు బాబుగారికి వేయి దణ్ణాలు.

అమ్మాజీ నిన్న రేవు నుంచి బిందె తానే ఎత్తుకొచ్చింది. చూసి మా ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఊరంతా మందు పుచ్చుకుంది, ఒక్క యలమంద తప్ప. ఆ పేరుగలవాడు మా ఊళ్ళో లేడండీ. మీ పరీక్ష నిజమో కాదో చూద్దామని, తాకట్టు డబ్బీ మీద ఆ పేరు అంటించి మావాటితో కలిపి పంపాం. ఇన్‌స్పెక్టరుకే పురుగుందని తేల్చిన పరీక్ష అబద్ధమాడదని అప్పుడు నమ్మారు జనం. తమ ఆజ్ఞ ప్రకారం ఆదివారం పడవకి నలుగురు బయల్దేరుతున్నారు.

తమ రుణం తీర్చుకోలేని
కోదండరామయ్య

తా.క.: చాటింపు వేయించాను.