శుక్రవారం అతిథికి

ఒరేయ్ తమ్ముడూ,

నీ బదులు ఇంకెవరినైనా పిలుచుకోమని రాశావు. పిలవను. ఈ వారం మా రేడియోలో నా గంట కార్యక్రమానికి సోమవారం వచ్చిన పళ్ల డాక్టరు నన్ను నోరెత్తనివ్వలేదు. మంగళవారం లిఫ్టు మెకానిక్ నవ్వించి చంపాడు. నిన్నటి డ్రిల్లు మాస్టారి గొంతుకి మైకు మూరెడు దూరం జరిపాం. శుక్రవారం మాత్రం గడియారాలు బాగుచేసే నువ్వే.

"నత్తితో మధ్యలో ఆగిపోతే ఎలా అక్కా?" అన్నావు. ఆగితే ఆగు, ఏమవుతుంది? పది సెకన్లు మాట వినపడకపోతే దానంతటదే పాట వేసే మిషను ఉంది ఇక్కడ. ఆ గంటసేపూ దాన్ని ఆపేయిస్తున్నాను.

చిన్నప్పుడు నీ మాటలన్నీ నేనే పూర్తిచేసేదాన్ని, అదేదో సాయమనుకుని. ఈసారి ఎదురుగా నోరు మూసుకుని కూర్చుంటాను. పాత అలవాటు కదా, మధ్యలో అందుకోబోతే బల్ల కింద నా కాలు గట్టిగా తొక్కు.

అక్క